బయటి లైట్లకు 3000 కెల్విన్ హద్దు పెట్టాలా? చీకట్లో నడిచేవాళ్ల మాటేంటి?

చుక్కలపిచ్చి: ఎదురింటాయన గోడకి ఫ్లడ్‌లైట్ బిగించాడు. వాళ్ల గేటు మీద కన్నా మా పడగ్గదిలోనే ఎక్కువ పడుతోంది. మూడు నెలలుగా కర్టెన్ మీద దుప్పటి కప్పి పడుకుంటున్నాం. బయటి లైట్లన్నిటికీ పైన మూత ఉండాలి, లైటు రంగు 3000 కెల్విన్ దాటకూడదు (ఈ అంకె పెరిగేకొద్దీ పసుపు తగ్గి తెలుపు, నీలం పెరుగుతాయి) అని రూల్ పెడితే తప్పేంటి?

రాత్రిషిఫ్ట్: లైట్లు తగ్గించమనేవాళ్లంతా పదింటికల్లా ఇల్లు చేరేవాళ్లే. నేను బస్సు దిగేది ఒంటిగంటకి.

చుక్కలపిచ్చి: తగ్గించమని ఎక్కడన్నానండీ? పైకి పోయే వెలుతురు మీకూ పనికిరాదు. మూత ఉంటే అదంతా నేల మీదే పడుతుంది, చిన్న బల్బు చాలు. కంట్లోకి కొట్టే లైటుకి కనుపాప ముడుచుకుపోతుంది, పక్కన నీడలో ఉన్న మనిషి కనబడడు.

వైరుమనిషి: 3000 ఎందుకు? 4000కి అదే వాట్లలో వెలుతురు కాస్త ఎక్కువొస్తుంది.

చుక్కలపిచ్చి: వచ్చేది కొంచెమే. తెల్లటి ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ, నీలం గాలిలో ఎక్కువ చెదురుతుంది. ఆకాశమంతా తెల్లారినట్టుండేది అందుకే. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కూడా 2016లో 3000 దాటొద్దనే చెప్పింది.

వైరుమనిషి: డబ్బా మీద 3000 అని ఉంటే లోపలా అంతే ఉంటుందా?

మిణుగురు: ముందు ఎదురింటాయనతో మాట్లాడారా?

చుక్కలపిచ్చి: రెండుసార్లు. "నా గోడ, నా కరెంటు" అన్నాడు.

రాత్రిషిఫ్ట్: అదీ సంగతి! మీ ఇద్దరి తగాదాకి ఊరందరికీ రూలా?

చుక్కలపిచ్చి: మీ భయానికి మా నిద్ర బలా?

రాత్రిషిఫ్ట్: భయమా? ఖర్చు తగ్గిస్తామని మా దారిలో స్తంభం విడిచి స్తంభం ఆర్పారు. నెల తిరక్కుండా నా బ్యాగు లాక్కుపోయారు. నీకది భయంలా కనిపిస్తోందా?

చుక్కలపిచ్చి: ఆ సంగతి తెలియక అన్నాను, సారీ. కానీ నేనడిగింది మూత గురించే.

రాత్రిషిఫ్ట్: మూత పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మూతతో మొదలెట్టి ఆర్పడంతో ముగిస్తారు, అదీ నా బాధ. ఎక్కడ ఎంత వెలుతురుండాలో ఆ దారిన నడిచేవాళ్లని ఒక్కసారైనా అడిగారా?

చుక్కలపిచ్చి: మనిషి వస్తే వెలుగు పెరిగే సెన్సర్ లైట్లున్నాయి కదా.

రాత్రిషిఫ్ట్: మలుపు తిరిగాక వెలిగితే ఏం లాభం? అక్కడెవరున్నారో నాకు ముందే కనబడాలి.

చుక్కలపిచ్చి: ...అది నేను ఆలోచించలేదు. మలుపుల్లో మూతతోనే రాత్రంతా వెలగనిద్దాం. ఫ్లడ్‌లైట్ మాటో?

రాత్రిషిఫ్ట్: దాన్ని కిందికి వంచమనండి. దానికి నేనూ ఓటేస్తా.

వైరుమనిషి: డబ్బా సంగతి ఎవరూ చెప్పలేదు.