అమ్మకి విటమిన్ డి 11, ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 84. డి మాత్రలు ఎక్కువ వేస్తే లివర్‌కి ఏమవుతుంది?

ప్రశ్న
అమ్మకి 58 ఏళ్లు, పోయినేడు పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయ్యాయి. ఫ్యాటీ లివర్ ముందునుంచే ఉంది. ఇప్పుడు డి తక్కువుందని డాక్టరుగారు వారానికొక 60 వేల యూనిట్ల మాత్ర, 8 వారాలకి రాశారు. మా బాబాయేమో డి బాగా ఎక్కితే గడ్డ మళ్లీ రాదంట, రోజుకొకటి వేయండి అంటున్నాడు, అమ్మ నమ్మేసి మాత్రల స్ట్రిప్ తలగడ కింద పెట్టుకుని పడుకుంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు 1
రోజూ మాత్రం వేయొద్దండి. మనం వేసుకున్న డి ని ముందు లివరే మారుస్తుంది, టెస్టులో వచ్చిన 11 ఆ మార్చిన రూపమే, తర్వాత కిడ్నీలో అసలు పనిచేసే హార్మోన్ అవుతుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో డి తక్కువుండటం మామూలే, కానీ మాత్రలేస్తే ఎస్‌జీపీటీ దిగుతుందని గ్యారంటీ లేదు, కొన్ని ట్రయల్స్‌లో దిగింది కొన్నిట్లో దిగలేదు.

క్యాన్సర్ సంగతి: ల్యాబ్‌లో కణాల మీద ఆ హార్మోన్ వేస్తే పెరుగుదల నెమ్మదిస్తుంది, అది నిజం. మనుషుల్లో అంత తేలిగ్గా లేదు. అమెరికాలో 25,871 మంది మీద వైటల్ అనే ట్రయల్ చేశారు, రోజుకి 2000 యూనిట్లు, ఐదేళ్లకి పైగా, 2018లో రిజల్ట్ వచ్చింది, క్యాన్సర్ రావడం తగ్గలేదు. మీ అమ్మగారి కేసుకి దగ్గరది జపాన్‌ది, అన్నవాహిక నుంచి పెద్దపేగు దాకా క్యాన్సర్ ఆపరేషన్ అయిన 417 మందికి అదే 2000 యూనిట్లు ఇచ్చారు, ఐదేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు డి వేసుకున్నవాళ్లలో 77 శాతం, మిగతావాళ్లలో 69, కానీ ఆ తేడా లెక్కల్లో నిలబడలేదు, ఊరికే అలా వచ్చి ఉండొచ్చు. ఆశ ఉంది, రుజువు లేదు. ఈ రెండు ట్రయల్స్‌లోనూ రోజుకి 60 వేలు ఇవ్వలేదు.

జవాబు 2
మా మావయ్యగారు ఇలాగే ఎవరో చెప్పారని రెండు నెలలు రోజూ వేసుకున్నారు. మొదట మలబద్ధకం, తర్వాత వాంతులు, రాత్రి మంచం పక్కన చెంబెడు నీళ్లు పెట్టుకుని తాగేవారు, వయసు మీదపడి అనుకున్నాం. డి ఎక్కువై రక్తంలో కాల్షియం 13 దాటింది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే టెస్టు) కూడా పెరిగింది, వారం సెలైన్ ఎక్కించారు. దయచేసి ఆ స్ట్రిప్ మీ దగ్గర పెట్టుకోండి.

జవాబు 3
ఎస్‌జీపీటీ గురించి ఒక మాట, పసరు మందులు, పొడులు ఏమైనా వాడుతున్నారా అడగండి, క్యాన్సర్ ఇళ్లలో ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు, వాటిలో కొన్ని లివర్‌ని దెబ్బతీస్తాయి. ఆపరేషన్ చేసిన డాక్టరుకి కూడా 84 రిపోర్ట్ చూపించండి, స్కాన్ కావాలో లేదో ఆయనే చెప్పాలి.

అడిగినవారు
అందరికీ థాంక్సండీ. అమ్మని అడిగితే తిప్పతీగ పొడి మూడు నెలలుగా తాగుతోందంట, నాకు చెప్పనేలేదు! పొడి ఆపించాను, మాత్రలు బీరువాలో పెట్టాను, ఆదివారం ఒకటి నేనే ఇస్తాను. సోమవారం డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికింది.