సమస్యాపూరణం: చలికి చెమట పట్టె చంద్రముఖికి

నిర్వాహకురాలు: ఈ వారం సమస్య ఇది.

చలికి చెమట పట్టె చంద్రముఖికి

సంక్రాంతి వెళ్లినా హైదరాబాదులో తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నిన్న మెట్రోలో నా ఎదుట కూర్చున్న ఒకావిడ స్వెటరు విప్పేసి పత్రికతో విసురుకుంటుంటే ఈ పాదం తట్టింది. నడివయసు మీద పూరిస్తే ఎక్కువ సంతోషిస్తాను. ఆమెను వెక్కిరించేవి వద్దు, ఆమెతో కలిసి నవ్వేవి కావాలి.

మలక్‌పేట అత్తయ్య:

రగ్గు కప్పి మగడు రాత్రంత వణకగా
ఫ్యాను మీట నొక్కె భార్య లేచి
నడిమి వయసు తెచ్చు నావిరి పొంగగా
చలికి చెమట పట్టె చంద్రముఖికి

నల్లకుంట మాస్టారు: అత్తయ్యగారూ, ధార బాగుంది. సమస్య మాత్రం తీరలేదు. మీ పద్యంలో చెమటకు కారణం ఆవిరి. మరి ‘చలికి’ చేస్తున్న పని ఏమిటి? నా పూరణ చూడండి.

పెళ్ళినాటి రవిక బిగుసుకు పోవగా
పార్కు చుట్టు తిరిగె పొద్దు పొడువ
మూడు మార్లు నడువ మోకాళ్ళు మొరలిడ
చలికి చెమట పట్టె చంద్రముఖికి

సైనిక్‌పురి చెల్లెలు: రవిక పాదం అద్భుతం మాస్టారూ. నా రవికల్లో దర్జీ లోపల వదిలిన గుడ్డ అంతా ఎప్పుడో బయటికి వచ్చేసింది. మోకాళ్ల మొర కూడా కె.బి.ఆర్. పార్కులో రోజూ వింటున్నదే. కానీ రెండో పాదం మొదట్లోని ‘పా’కు మధ్యలోని ‘పొ’తో యతా, ఆ అక్షరాలకు మైత్రి ఏదీ? ఇదే ఇంకొకరు రాస్తే మీరు ఊరుకునేవారా? ‘పొద్దు పొడువ’ బదులు ‘పట్టుబట్టి’ అంటే సరిపోతుంది. పైగా మీ చెమట నడక వల్ల వచ్చింది, చలి వల్ల కాదు. అత్తయ్యగారిని అడిగిన ప్రశ్న మీకూ వర్తిస్తుంది.

మలక్‌పేట అత్తయ్య: బాగా అడిగావమ్మా! దసరాకు ఇచ్చిన కళ్లజోడు సమస్యలోనూ మాస్టారి యతి ఇలాగే తప్పింది. అప్పుడు టైపు చేయడంలో జారిందన్నారు.

నల్లకుంట మాస్టారు: నిజంగానే జారింది. ఆ పద్యం కాగితం మీద సరిగ్గానే ఉంది. తల మీద జోడు పెట్టుకుని ఇల్లంతా వెతికే అమ్మ మీద అంత మంచి పూరణ ఆ రోజు ఇంకొకటి రాలేదు.

కూకట్‌పల్లి డాక్టరమ్మ: అత్తయ్యగారి పద్యానికి నేను సాక్ష్యం చెబుతాను. ఈ వయసులో ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గేసరికి మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ కొద్దిపాటి వేడికే బెదిరిపోతుంది. చర్మంలో రక్తనాళాలు విచ్చుకుంటాయి, ముఖం ఎర్రబడుతుంది, చెమట కమ్ముకుంటుంది. అందుకు రగ్గు కింది వెచ్చదనం చాలు. చలికే కదా రగ్గు కప్పింది! ఆ రగ్గు కింద భార్య కూడా ఉందనుకుంటే ‘చలికి’ పనిలో పడినట్లే. చెమట ఆరగానే వణుకు మొదలై మళ్లీ అదే రగ్గు కావాలి, ఫ్యాను ఆపాలి. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే ఆగిపోయినట్లు లెక్క. ఆవిర్లు మాత్రం అంతకుముందే మొదలై ఏళ్ల తరబడి ఉండవచ్చు. మగనికి అన్నేళ్లూ వణుకు తప్పదు.

సైనిక్‌పురి చెల్లెలు: నా ప్రయత్నం.

కిటికి తెరచి రగ్గు కింద విసరివైచి
ఐసు నీరు తాగి హాయి యనగ
పుష్యమాస వేళ పొగలు చూచి జడిసి
చలికి చెమట పట్టె చంద్రముఖికి

అన్వయం: చంద్రముఖికి జడిసి, చలికి చెమట పట్టె.

నిర్వాహకురాలు: అమ్మాయీ, చెమట పట్టింది చలికా! పాదం ఇచ్చిన నాకే ఈ దారి తోచలేదు. ఇప్పటికి చదివినవారిలో ఆమెను బెదరగొట్టే మనిషిగా నిలబెట్టింది నువ్వే.

నల్లకుంట మాస్టారు: విరుపు అపూర్వం, మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే ‘వైచి’ తరువాత ‘ఐసు’ విసంధి, అచ్చు విడిగా నిలిచిపోయింది. ‘యైసు’ అని ఉండాలి.

మలక్‌పేట అత్తయ్య: యైసు వేస్తుందిలెండి. మీరు ఆ దసరా కాగితం ఫోటో తీసి పెట్టండి, యతి చూస్తాం.