కంచె మధ్య మడిని నింపడానికి ఏడాదంతా పచ్చగా పరుచుకునే మొక్కలు ఏవి మంచివి?

పెరటిగడప:
అందరికీ నమస్కారం. ఇంటి ముందు 20 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉన్న మడి ఒకటి ఉంది. చుట్టూ గోల్డెన్ దురంతా కంచె, మోకాలి ఎత్తులో కత్తిరించి ఉంచుతున్నాం. కంచె చక్కగా కుదిరింది, లోపల మాత్రం ఏదీ నిలవడం లేదు. సీజన్ పూలమొక్కలు వేస్తే ఆ సీజన్ వరకు కళకళలాడతాయి, అవి అయిపోగానే మళ్లీ మట్టి, ఆ మట్టిలో కలుపు. మడిలో సగానికి రోజంతా ఎండ తగులుతుంది, మిగతా సగం గోడ నీడలో ఉంటుంది, అక్కడ పొద్దున కాసేపే ఎండ. మంచు కురిసే చోటు కాదు కానీ వేసవి ఎండలు గట్టిగా ఉంటాయి.

కంచెను మించి ఎత్తు పెరగకుండా, ఆకు రాల్చకుండా, నేలను కప్పేసేవి కావాలి. తెలిసినవాళ్లు వెడేలియా వేయమంటున్నారు, ఇట్టే నిండిపోతుందట. నాకేమో ఫొటోల్లో చూసిన పరుచుకునే జూనిపర్ మీద మనసు. ఇంట్లో చిన్నపిల్లలు, ఒక కుక్క ఉన్నాయి కాబట్టి అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

గునపం_పార:
వెడేలియా వద్దండీ, దయచేసి. అది త్వరగా నిండుతుందన్నది నిజమే, చిక్కంతా ఆ తర్వాతే. ఒక తీగను పట్టుకుని పైకి లేపి చూడండి, ప్రతి కణుపు దగ్గరా తెల్లటి వేళ్లు మట్టిలోకి దిగి ఉంటాయి, అంటే తీగ తెగినా ఏ ముక్కకు ఆ ముక్క సొంతంగా బతుకుతుంది. ఖాళీ స్థలంలో అయితే పారతో చెక్కేయొచ్చు. మీ మడి చుట్టూ కంచె ఉంది కదా, తీగ నేరుగా దురంతా మొదళ్లలోకి పాకి అక్కడ వేళ్లు దించుతుంది, ఆ కొమ్మల మధ్య చెయ్యి దూరదు, పార పెడితే కంచె వేళ్లు తెగుతాయి. కొన్నాళ్లకు కంచెలోంచి పసుప్పూలు తొంగిచూస్తుంటాయి. ప్రపంచంలో అత్యంత హానికరమైన వంద ఆక్రమణ జాతుల జాబితాలో దీని పేరు ఉంది, పెరట్లోంచి కాలువ గట్లకు పాకితే ఇక ఆపడం ఎవరి వల్లా కాదు.

అందుకే కంచె ఉన్న మడికి మొక్కను ఎంచేటప్పుడు నేను మొట్టమొదట చూసేది అది ఎలా పరుచుకుంటుందనే. కొన్ని ఒక్క మొదలు నుంచే పక్కలకు వెడల్పవుతాయి, కొన్ని పిలకలు పెట్టి దుబ్బుగా పెరుగుతాయి, కొన్ని పోయిన చోటల్లా వేళ్లు దించుకుంటూ పరుగెడతాయి. మీకు మొదటి రెండు రకాలే కావాలి. రంగు, పువ్వు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో మాట, కంచెను ఆనుకుని ఏదీ నాటకండి. కంచె నుంచి అడుగు దూరంలో జానెడు లోతు తవ్వి చూస్తే దారాల్లా అల్లుకున్న దురంతా వేళ్లు కనిపిస్తాయి. మీరు పోసే నీరు, వేసే ఎరువు మొదట తాగేది అవే. అందులో లేత మొక్క పెడితే ఎదగదు. లోపలి వైపు చుట్టూ అడుగు వదిలేసి ఎండుటాకులు పరిచేయండి, కత్తెర పట్టుకుని కంచె కత్తిరించడానికి నిలబడే జాగా కూడా అదే అవుతుంది.

నీడపట్టు:
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మొక్కల పేర్లు నేను చెబుతాను.

నీడ వైపు మోండో గ్రాస్‌ను మించింది లేదని నా అభిప్రాయం. ముదురాకుపచ్చ, సన్నటి ఆకులు, జానెడు ఎత్తు, ఒకసారి కుదురుకున్నాక పెద్దగా పనే చెప్పదు. కానీ చాలా నెమ్మది, నిండడానికి ఓపిక పట్టాలి, అది ముందే తెలిసి వేసుకుంటే నిరాశ ఉండదు. కొంచెం త్వరగా నిండాలంటే లిరియోప్, అదీ మోండో గ్రాస్‌లాగే సన్నటి పొడవాటి ఆకుల మొక్కే. అయితే అందులో రెండు జాతులు అమ్ముతారు, చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. లిరియోప్ మస్కారి దుబ్బుగా ఉన్నచోటే ఉంటుంది, లిరియోప్ స్పికాటా మట్టి కిందుగా దుంపవేళ్లు పంపి కంచెలోకి వెళ్తుంది. జాతి పేరు అడిగి మస్కారి మాత్రమే తీసుకోండి. స్పైడర్ ప్లాంట్ కూడా ఆ నీడలో బాగా వస్తుంది, కుక్కలకు విషం కాదు, వేలాడే పిల్లమొక్కలు నేలకు తగిలి వేళ్లు దించినా రెండు వేళ్లతో లాగితే ఊడొచ్చేస్తాయి.

ఎండ వైపు పొట్టి రకం కరిస్సా చూడండి. మన వాక్కాయకు దగ్గరి బంధువే, మందంగా మెరిసే ఆకులు, తెల్లటి సువాసన పూలు, ఎండను, నీటి ఎద్దడిని బాగా తట్టుకుంటుంది, పరుచుకునే రకాలు ఎత్తుకన్నా వెడల్పు ఎక్కువ పెరుగుతాయి. చాలా రకాలకు చివర రెండుగా చీలిన గట్టి ముళ్లుంటాయి, పిల్లలున్న ఇల్లు కాబట్టి ముళ్లు లేని పొట్టి రకమే అడగండి, కొనే ముందు కొమ్మను ఒకసారి తడిమి చూస్తే తెలిసిపోతుంది.

జూనిపర్ సంగతి. చల్లటి ప్రాంతాల్లో, నీళ్లు నిలవని నేలలో దానికి సాటి లేదు, వేడితో పాటు గాలిలో తేమ కూడా ఎక్కువైతే తేలిపోతుంది. ఇంకో గుణం, నీడ పడిన వైపు ఆకు ఎండిపోతే అక్కడ మళ్లీ చిగురు రాదు. గోధుమరంగుకు మారిన పాత కొమ్మ దాకా కత్తిరించినా అంతే, ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. మీ మడిలో కంచె నీడ, గోడ నీడ రెండూ ఉన్నాయి కదా, నేనైతే వేయను.

ఆకుపచ్చ_దుప్పటి:
నాది కాస్త వేరే అభిప్రాయం. ఎండ భాగంలో పింటో పీనట్ ఎందుకు వేయకూడదు? వేరుశనగ జాతిదే, చిన్న పసుపు పూలు, పైగా పప్పుజాతి కాబట్టి వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాల్లోని నత్రజనిని పట్టిస్తుంది, ఎరువు ఖర్చు తక్కువ. అప్పుడప్పుడు కాలు పడినా తట్టుకుంటుంది. కుక్క తిరిగే మడికి అది పెద్ద సుగుణం, కరిస్సా లేత కొమ్మలు కుక్క పడుకుంటే విరిగిపోతాయి.

గునపం_పార:
@ఆకుపచ్చ_దుప్పటి గారూ, పింటో పీనట్ నాకూ ఇష్టమే, పచ్చిక బదులు వేయడానికి చాలా మంచి మొక్క. కానీ అది కూడా తీగలు పంపి కణుపు కణుపుకీ వేళ్లు దించే రకమే. వెడేలియా అంత మొండి కాదు, నిజం. వేయాలనుకుంటే కంచె పక్కన వదిలిన ఆ అడుగు జాగా అంచున నెలకోసారి పారను నిలువుగా దించుతూ గీత కోసినట్టు కోయాలి, బయటికొచ్చిన తీగల్ని ఏరేయాలి. ఆ పని క్రమం తప్పకుండా చేయగలిగేవాళ్లకు అభ్యంతరం లేదు. మానేస్తే కంచెలోకి పోవడం ఖాయం.

మట్టిచేతులు:
మొక్కల కంటే ముందు ఒక మాట అడుగుతాను, మీ మడిలో వచ్చే కలుపు ఏది? గరిక, తుంగ ఉన్నాయా? ఉంటే అవి పోకుండా ఏ మొక్క నాటినా డబ్బు, శ్రమ రెండూ వృథా. ముఖ్యంగా తుంగ. పైన పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండి కొన్ని రోజుల్లో మళ్లీ మొలుస్తుంది. మోండో గ్రాస్ దుబ్బు మధ్యలో తుంగ లేచిందంటే ఏది ఏదో కనిపెట్టడానికే కళ్లు నొప్పిపుడతాయి.

నేల తడిగా ఉన్నప్పుడు ఫోర్కుతో మట్టిని లేపి, ఆకును కాకుండా గడ్డను, దానికి దారంలా వేలాడే తర్వాతి గడ్డను కూడా ఏరండి. నీళ్లు పెట్టి వదిలేయండి. మిగిలినవి మొలుస్తాయి, మళ్లీ ఏరండి. మొలకలు బాగా తగ్గేదాకా నాటే తొందర వద్దు. నాటాక 2 అంగుళాల మందాన ఎండుటాకులో చెక్కపొట్టో పరిస్తే గింజల నుంచి వచ్చే కలుపు చాలావరకు ఆగుతుంది. తుంగ మాత్రం దాన్ని చీల్చుకుని వస్తుంది, అందుకే ఇంతగా చెబుతున్నాను. పరిచేటప్పుడు మొక్క మొదలుకు తగలకుండా నాలుగు వేళ్ల దూరం వదలండి, లేకపోతే మొదలు దగ్గర తేమ నిలిచి కుళ్లుతుంది.

పెరటిగడప:
అందరికీ చాలా థాంక్స్ అండీ. పొద్దున వెళ్లి తవ్వి చూశాను, గునపం_పార గారు చెప్పినట్టే అడుగు దూరం దాకా అల్లుకున్న వేళ్లే. తుంగ కూడా ఉంది, కాబట్టి ముందు దాని పని పడతాను. వెడేలియా, జూనిపర్ రెండూ మానేశాను. నీడ వైపు లిరియోప్ మస్కారి, ఎండ వైపు ముళ్లు లేని కరిస్సా అనుకుంటున్నాను. రియో అనే మొక్క కూడా చూశాను, ఆకు పైన పచ్చగా అడుగున ఊదాగా ఉంటుంది, అది మధ్యలో వేయొచ్చా? మొత్తం ఎన్ని మొక్కలు కొనాలి?

నీడపట్టు:
రియో దుబ్బుగానే పెరుగుతుంది, ఎండకూ ఓ మోస్తరు నీడకూ పనికొస్తుంది, ఆ రకంగా మీ మడికి సరిపోతుంది. కానీ దాని రసం చర్మానికి తగిలితే దురద పుడుతుంది, కుక్కలకు కూడా. పిల్లలూ కుక్కా ఉన్న ఇంట్లో వద్దనే చెబుతాను. అన్నట్టు మీ దురంతా కాయలు కూడా విషమే, పిల్లల చేతికి అందకూడదు. క్రమంగా కత్తిరిస్తూ ఉంటే పూత, కాయ పెద్దగా రావు, వచ్చినా వెంటనే తీసేయండి.

లెక్క సులువే. చుట్టూ అడుగు వదిలితే మీకు మిగిలేది 18 అడుగులు, 4 అడుగులు, అంటే 72 చదరపు అడుగులు. సగం 36. లిరియోప్‌ను అడుగుకొకటి చొప్పున ముక్కోణాల్లో, అంటే ఒక వరుసలోని ఖాళీకి ఎదురుగా రెండో వరుస మొక్క వచ్చేలా నాటితే 40 దాకా పడతాయి. దుబ్బులు పెద్దవి దొరికితే అన్ని కొనక్కర్లేదు, ఒక్కోదాన్ని వేళ్లతో సహా రెండు మూడుగా విడదీసి నాటుకోవచ్చు. కరిస్సాకు రెండడుగుల దూరం ఇవ్వండి, 10 చాలు. మొదట్లో మధ్యన ఖాళీ ఎక్కువ కనిపిస్తుంది, అది చూసి దగ్గరగా నాటేయకండి, ఒకదానిపై ఒకటి ఎక్కి లోపలి ఆకు ఎండిపోతుంది. ఆ ఖాళీల్లో మొదటి ఏడాది మీ సీజన్ పూలే వేసుకోండి.

మట్టిచేతులు:
నీళ్ల విషయం కూడా. వేరు పట్టేదాకా కంచెకు, లోపలి మొక్కలకు ఒకే పైపుతో పైపైన తడపకండి, కొత్త మొక్కల పాదుల్లో విడిగా, వేరు దాకా దిగేలా పోయండి. తుంగ ఏరడం మొదలుపెట్టాక ఎలా ఉందో ఫొటో పెట్టండి, మొలకలు ఇంకా ఎక్కువగానే ఉంటే నాటడం వాయిదా వేద్దాం.