సమస్య: చల్లనీళ్లు పోయ సరిగ నుడికె

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది, సమస్య నాలుగో పాదం. విషయం చైనాలోని షియాన్ నగరపు ఇళ్లలో వండుకునే పుల్లచారు జియావ్‌జి. కజ్జికాయలా మడిచి నీళ్లలో ఉడికించే డంప్లింగులివి. చల్లనీళ్లు పోస్తే ఉడుకు ఆగాలి గదా, ఉడకడమెలా? పద్యం నిలవాలి, వంటా నిలవాలి.

జల్లిగరిటె:
పొంగు వచ్చినంతఁ బొట్లముల్ పగులునో
యనుచుఁ బొయ్యి చెంత నరయుచుండి
మూడు మార్లు పొంగ ముప్పావు గిన్నెడు
చల్లనీళ్లు పోయ సరిగ నుడికె

నిర్వాహకుడు: యతులు సరిపోయాయి. సమస్యకు అసలు మర్మం ఇదే. ఎసరు తెర్లుతూనే ఉంటే పొట్లాలు ఒకదానికొకటి కొట్టుకుని అంచులు విచ్చుకుంటాయి. పై పొర మెత్తబడిపోతుంది, లోపలి కైమా పచ్చిగానే ఉంటుంది. చల్లనీళ్లు ఆ దూకుడు తగ్గించి లోపలికి వేడి చేరే వ్యవధి ఇస్తాయి. మాంసం కూరితే మూడుసార్లు, కూరగాయలు మాత్రమే అయితే రెండు చాలు. కుండలో ఎసరెంతో కూడా చెబితే బాగుండేది.

జల్లిగరిటె: రెండున్నర లీటర్లకు ఇరవై పొట్లాలు, అంతకు మించకూడదు. వేసిన వెంటనే గరిటె వీపుతో అడుగునుంచి నెట్టాలి, లేకపోతే అంటుకుని చిరుగుతాయి. మూడోసారి పొంగాక ఉబ్బి తేలతాయి. వేలితో నొక్కితే పైకి లేవాలి.

అప్పడాలకర్ర:
మైద మూడునూఱు మరిగిన నీరేల
సగము కొలత చాలు జారకుండ
గుడ్డ కప్పి యుంచి గుండ్రముగా నొత్తి
చల్లనీళ్లు పోయ సరిగ నుడికె

ఉల్లికాడ: అప్పడాలకర్ర గారూ, సమస్యను పిండి కలపడానికి తిప్పడం నాకు భలే నచ్చింది. కానీ అన్వయం తిరగబడింది: పొరలు ఒత్తాక వాటి మీద నీళ్లు పోసినట్టుంది! మూడో పాదాన్ని ఇలా మార్చి చూడండి:
గుడ్డ కింద నాని గుండ్రమౌ పొరయిది

అప్పడాలకర్ర: ఒప్పుకున్నాను, సవరణ తీసుకుంటాను. మూడు వందల గ్రాముల మైదాకు నూట యాభై గ్రాముల చల్లనీళ్లు, చిటికెడు ఉప్పు, తడిగుడ్డ కింద అరగంట. మరిగే నీళ్లతో కలిపితే పిండికి సాగుడు పోతుంది. ఆవిరి మీద ఉడికించేవాటికి అది పనికొస్తుంది గానీ ఎసట్లో వేస్తే చిరుగుతుంది. పదకొండు గ్రాముల ఉండ, ఎనిమిది సెంటీమీటర్ల పొర, నలభై వస్తాయి. నడుమ మందం, అంచు పలచన ఉండాలి. మడిచాక అంచు రెండింతలవుతుంది, మందంగా ఉంటే అక్కడ పచ్చిపిండి తగులుతుంది.

ఉల్లికాడ: నా వంతు.
కైమఁ దిప్పి తిప్పి కలుపుచు నొకవైపె
యల్లముల్లికాడ లదిమి పిండు
జిగురు వచ్చుదాఁకఁ జెంచాలు నాలుగు
చల్లనీళ్లు పోయ సరిగ నుడికె

నిర్వాహకుడు: ‘జిగురు’కు ‘జెంచాలు’ యతి చక్కగా పడింది. ‘పిండు’ అన్నది ‘చల్లనీళ్లు’ దాకా వెళ్లి అతకాలి, కాస్త దూరాన్వయం. చెంచా ఏదో చెప్పండి.

ఉల్లికాడ: పెద్ద చెంచా. పావుకిలో కైమాకు అరవై మిల్లీలీటర్లు. గొర్రె అయినా పంది అయినా మూడో వంతు దాకా కొవ్వుండాలి. నీళ్లు చల్లగా లేకపోతే కొవ్వు కరిగి ముద్ద విడిపోతుంది. ఒక్కసారే పోస్తే పట్టదు, చెంచా ఇంకాక మరో చెంచా. చైనా క్యాబేజీ పావుకిలో తరిగి, ముప్పావు టీస్పూను ఉప్పుతో పావుగంట ఉంచి గట్టిగా పిండాలి. కైమాలో కలిపే ముందు ఆ తరుగుకు చెంచాడు వేయించిన నువ్వుల నూనె పట్టిస్తే మళ్లీ నీరు ఊరడం తగ్గుతుంది. మన గానుగ నూనెకు ఆ వాసన రాదు.

ఎసరు:
చారులోనె వేసి సాంతము నుడికింపఁ
బిండి కరిగి చిక్కబడియె గాదె
వేఱు కుండలోన వేగిరపడకుండ
చల్లనీళ్లు పోయ సరిగ నుడికె

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి తప్పింది, ‘బి’కి ‘బ’ చెల్లదు. ‘బిండి కరిగి కలఁక పెరిగిపోవు’ అంటే సరి. మాట మాత్రం నిజం. చారు అసలు పొయ్యెక్కనక్కరలేదు, వెనిగరు కాగితే ఘాటు ఆవిరైపోతుంది. గిన్నెలోనే నల్ల వెనిగరు రెండు పెద్ద చెంచాలు, సోయా సాస్ ఒకటి, నువ్వులు వేసిన మిరపనూనె ఒకటి, చిటికెడు ఎండు చిన్నరొయ్యలు, కొత్తిమీర. పైన మూడు వందల యాభై మిల్లీలీటర్లు మరిగే నీళ్లు.

జల్లిగరిటె: మరిగే నీళ్లెందుకు, పొట్లాలు ఉడికిన ఎసరే పోస్తారు గదా? అవి ఉడికిన నీళ్లే వాటిని అరిగిస్తాయని ఉత్తర చైనాలో నానుడి.

ఎసరు: మొదటి వాయి దాకా అదే పోయండి. రెండో వాయికి ఆ ఎసరు గంజి అవుతుంది, ఒక్కటి చిట్లినా కొవ్వు తేలుతుంది. అప్పుడు ఎముకల రసమో, వట్టి వేడినీళ్లో. తెల్ల వెనిగరు తప్ప దొరకకపోతే ఒక్క చెంచాతో ఆపి, అర టీస్పూను పంచదార కలపండి.

అప్పడాలకర్ర: ‘బిండి కరిగి’ అన్నది నా పొరల మీద నింద. మూడు పొంగుల్లో కరిగితే అది మైదా తప్పు కాదు, అంచుకు నూనె తగిలి సరిగా మూసుకోని తప్పు.