చెయ్యని కుండ, పొయ్యని నీరు: కొబ్బరికాయ పొడుపు కథపై చర్చ

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. "చెయ్యని కుండ, పొయ్యని నీరు, వెయ్యని సున్నం, తియ్యగ నుండు" అనే పొడుపు కథకు విడుపు కొబ్బరికాయ అని మనందరికీ తెలిసినదే. దీనిని పిల్లల కోసం ఒక చిన్న సంకలనంలో చేర్చబోతుండగా రెండు సందేహాలు కలిగాయి. వ్రాతలో "చేయని, పోయని, వేయని" అని దిద్దవలసి ఉంటుందా? "వెయ్యని సున్నం" అన్నచోట ఉద్దేశించినది తాంబూలపు సున్నమా, గోడకు వేసే సున్నమా?

జవాబు:
దిద్దవలసిన పని లేదండీ. చేయి–చెయ్యి, నూయి–నుయ్యి, గోయి–గొయ్యి అన్న జంటలలో వలెనే ఇక్కడ కూడా యకారానికి ముందున్న దీర్ఘం హ్రస్వమై, ఆ యకారం ద్విత్వమైంది. ద్విత్వానికి ముందున్న హ్రస్వాక్షరం కూడా గురువే కనుక "చేయని" అన్నా "చెయ్యని" అన్నా భగణమే (ఒక గురువు, రెండు లఘువులు) అవుతుంది, నడకలో తేడా రాదు. అయితే నాలుగు ముక్కలలోనూ రెండవ అక్షరం "య్య" కావడం వల్ల చక్కని ప్రాస కుదిరింది. మొదటి మూడింటిని దిద్ది "తియ్యగ"ను అలాగే ఉంచితే ఆ ప్రాస చెడిపోతుంది. దిద్దదలచుకుంటే నాలుగింటినీ దిద్దాలి, లేదా దేనినీ ముట్టుకోకూడదు. నా ఓటు రెండవదానికే.

ఇక సున్నం సంగతి. తమలపాకుకు సున్నం రాస్తాము, గోడకు సున్నం వేస్తాము. క్రియను బట్టి చూస్తే ఇది గోడ సున్నమే. కాయ కొట్టిన తరువాత చిప్ప లోపలికి చూడండి. ముదురు రంగు గోడకు అంచు నుంచి అడుగు వరకు ఇంచుమించు ఒకే మందంతో పట్టిన తెల్లని పూత కనిపిస్తుంది, కుంచె జాడ ఎక్కడా ఉండదు. కుండ విషయంలో కుమ్మరుల పనికి "వానడం" అనే ప్రత్యేకమైన క్రియ తెలుగులో ఉన్నప్పటికీ, ఈ పొడుపు కథ కట్టినవారు దానిని వదిలి "చేయు"ను తీసుకున్నారు. చేయు, పోయు, వేయు అనే మూడూ మనం పొద్దున లేచినది మొదలు వాడే మాటలు. వాటిని వ్యతిరేక విశేషణాలుగా మార్చడంతోనే రోజూ చూసే కాయ ఒక వింత వస్తువై కూర్చుంది. "ఆహా" అన్న మాట గాని, "అద్భుతం" అన్న మాట గాని ఇందులో లేవని గమనించండి.

అలంకారశాస్త్రంలో దీనిని విభావన అంటారు. ప్రసిద్ధమైన కారణం లేకుండానే కార్యం పుట్టినట్లు చెప్పడం దాని లక్షణం. లత్తుక (పాదాలకు పూసే ఎర్రని లక్క రంగు) పూయకుండానే పాదాలు ఎర్రగా ఉన్నాయనడం పండితులు చెప్పే ఉదాహరణ కాగా, కుమ్మరి లేని కుండ, తోడిపోసినవారు లేని నీరు, సున్నం వేసిన చేయి లేని తెలుపు అని ఒకే ఊపిరిలో మూడు విభావనలను పేర్చినది ఈ పొడుపు కథ.

ఇంకొక విశేషం ఉంది. కాయ పెరిగే క్రమం కూడా ఇంచుమించు ఇదే. లేత బోండంలో ముందు నీరు నిండుతుంది, ఆ తరువాతనే మీగడ వంటి కొబ్బరి లోపలి గోడకు పట్టడం మొదలవుతుంది. వృక్షశాస్త్ర పరిభాషలో ఆ నీరు ద్రవరూపంలోని అంకురచ్ఛదం, అంటే గింజలో మొలకకు ఆహారమయ్యే భాగం. కణకవచాలు ఏర్పడని కేంద్రకాలు మొదట అందులో తేలుతూ ఉంటాయి. కొన్ని గోడ వైపు చేరి, వాటి చుట్టూ కవచాలు ఏర్పడగా తెల్లని కొబ్బరి తయారవుతుంది. అంటే ఈ సున్నం బయటి నుంచి వచ్చినది కాదు, ఆ నీటిలో నుంచి పుట్టినదే. కాయ పూర్తిగా ముదరడానికి దాదాపు 12 నెలలు పడుతుంది. చిప్ప గట్టిపడకముందే అందులో నీరు ఉంటుంది కనుక, ఇది కాల్చకముందే నీరు పట్టిన కుండ కూడా! ఏ కుమ్మరీ అటువంటి సాహసం చేయడు.

మరొక సభ్యురాలు:
మీ వివరణ బాగుంది. కాని "తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది" అన్న ఉత్తరపు పొడుపు కథలో కూడా "లేని" అనే వ్యతిరేకరూపం ఉన్నది కదా. అదీ విభావనేనా?

జవాబు:
కాదనే నా అభిప్రాయం. అక్కడ ఉత్తరాన్ని పిట్టగా రూపించి, ఇది మామూలు పిట్ట కాదు సుమా అని తోకను తీసివేసి ఆచూకీ ఇచ్చారు. తోక ఎగరడానికి కొంత తోడ్పడుతుంది కనుక విభావన ఛాయ ఉన్నదని ఎవరైనా వాదించవచ్చు గాని, అందులో ప్రధానమైనది మారువేషం. "నల్లకుక్కకు నాలుగు చెవులు" అన్న లవంగం పొడుపు కథ కూడా వేషం కట్టించినదే. కొబ్బరికాయలో మాత్రం కుండ, నీరు, సున్నం అన్నవి వేషాలుగా ఉంటూనే, వాటి వెనుక ఉండవలసిన మనిషి మాయమయ్యాడు. సుమతీ శతకకారుడు సిరి రాకకు "నారికేళ సలిలము భంగిన్" (కొబ్బరికాయలోని నీటివలె) అని పోలిక తెచ్చినప్పుడు ఆయనను ఆకర్షించినది కూడా ఈ "పొయ్యని" తనమే.

నాలుగవ ముక్క గురించి చెప్పవలసినది మిగిలింది. "తియ్యని" అన్న రూపానికి మధురమైన అనీ, తీసివేయని అనీ రెండు అర్థాలు ఉన్నాయి. మూడు "య్యని"లు విన్న చెవి నాలుగవదానిని కూడా లేమిగానే ఎదురుచూస్తుంది. సరిగ్గా అక్కడ "తియ్యగ" అని మలుపు తిప్పి, లేమి వరుసను రుచితో ముగించారు.

మీ సంకలనంలో ఒక చిన్న వివరణ అవసరమవుతుంది. చివరి "ఉండు" ఆజ్ఞ కాదు, "ఉండును" అన్నదానికి కురచ రూపం. "నుండు"లోని నకారం "తియ్యగన్" చివర ఉన్న ద్రుతం (పదాంతపు నకారం) నుంచి వచ్చినది. నేటి పిల్లలకు సులభంగా ఉంటుందని "తియ్యగా ఉండు" అని మార్చితే భగణం పోయి రగణం (గురువు, లఘువు, గురువు) వస్తుంది, పలికేటప్పుడు అక్కడ కాలు తడబడుతుంది. "సున్నం" అన్నచోట ఇప్పటికే ఒక మాత్ర ఎక్కువగా ఉన్నది, రెండవది మనం చేర్చవద్దు.