చిట్టెలుకల్లో గ్లాకోమా మోడల్: కంటి పీడనం నిలవడం లేదు

ప్రశ్న:
గ్లాకోమా (సాధారణంగా కంటి పీడనం పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు) పరిశోధన కోసం చిట్టెలుకల కంట్లోకి మైక్రోబీడ్లు (అతిచిన్న పూసలు) ఎక్కించి, లోపలి ద్రవం బయటికి పోయే దారి మూసి పీడనం పెంచాలి. సూది తీయగానే బీడ్లు వెనక్కి కారిపోతున్నాయి. రీడింగులు రోజుకో తీరు. డాపీ (అన్ని కణాల కేంద్రకాలకూ అంటే రంగు) వేసి లెక్కపెడితే గాంగ్లియన్ కణాలు (రెటీనా నుంచి మెదడుకు చూపు సంకేతాలు పంపేవి) తగ్గినట్టే లేదు. తప్పెక్కడండీ?

జవాబు 1:
ముందు కారడం ఆపండి. 1–2 మైక్రోలీటర్లు మించొద్దు. సన్నగా లాగిన గాజు పిపెట్‌తో బీడ్లు పంపి, వెనకే చిన్న గాలి బుడగ వదలండి. అది రంధ్రానికి బిరడాలా అడ్డుపడుతుంది. ఒకటి రెండు నిమిషాలాగి మెల్లగా బయటికి తీయండి. అయస్కాంత బీడ్లయితే మాగ్నెట్‌తో చుట్టూ ఉన్న కోణంలోకి (ద్రవం బయటికి పోయే చోటికి) లాగొచ్చు. కనుపాప ముందే గుంపుగా మిగిలితే పీడనం పెరగదు, చూపు పరీక్షలూ చెడతాయి.

జవాబు 2:
ఐసోఫ్లురేన్ మత్తు పీడనాన్ని దించేస్తుంది. మత్తిచ్చాక ప్రతిసారీ అన్నే నిమిషాలకు, రోజూ అదే వేళకు కొలవండి. రాత్రిపూట సహజంగానే పెరుగుతుంది. పట్టుకునేటప్పుడు మెడ నొక్కినా అంకె పైకిపోతుంది, జాగ్రత్త.

జవాబు 3:
అసలు చిక్కు డాపీలోనే ఉంది. గాంగ్లియన్ పొరలో దాదాపు సగం అమాక్రైన్ కణాలే (రెటీనాలోని మరో రకం నరాల కణాలు). అవి అంతగా చావవు, నష్టాన్ని కప్పేస్తాయి. గాంగ్లియన్ కణాలకే అంటుకునే ఆర్‌బీపీఎంఎస్ యాంటీబాడీ వాడండి. ఇలాంటిదే మరో గుర్తు బీఆర్‌ఎన్3ఏ అయితే దెబ్బతిన్న కణం చావకముందే మసకబారుతుంది, నష్టం ఎక్కువని చూపిస్తుంది. రెటీనాను నాలుగు రేకులుగా కోసి పరిచి, ప్రతి రేకులో రెటీనా కేంద్రం దగ్గర, నడిమిన, అంచున ఫొటోలు తీయండి. కణాలు మచ్చలు మచ్చలుగా పోతాయి, ఒక్కచోటి లెక్క నమ్మడానికి లేదు. లెక్కపెట్టేవారికి అది ఏ కన్నో తెలియనివ్వకండి.