సమస్యాపూరణం: పురుషుఁడు గర్భమ్ముఁ దాల్చి...

మైలాపూరు (నిర్వహణ): ఈ వారం సమస్య:

పురుషుఁడు గర్భమ్ముఁ దాల్చి పుత్రులఁ గనియెన్

కందపాదం. మాస్టారూ, భార్య కోసం ఉంచిన మంత్రజలం తాగి తానే గర్భం దాల్చిన రాజు యువనాశ్వుడి కథ మీకే వదిలేస్తున్నాం. కానీ అందులో ఒక మెలిక ఉంది, చూసుకోండి.

పెరంబూరు మాస్టారు:

నరపతి దప్పికఁ దాళక
తరుణికొఱకు నుంచినట్టి దైవజలమ్మున్
సరగునఁ ద్రావెనె యయ్యో!
పురుషుఁడు గర్భమ్ముఁ దాల్చి పుత్రులఁ గనియెన్

మైలాపూరు: నడక హాయిగా ఉంది. "దైవజలం" మాత్రం యతి కోసం వచ్చినట్టుంది. ఇక మెలిక ఇదీ: పుట్టింది మాంధాత ఒక్కడే కదా, "పుత్రుల" ఎలా కుదురుతుంది?

పెరంబూరు మాస్టారు: చక్రవర్తి కదండీ, గౌరవ బహువచనం అనుకోండి!

అంబత్తూరు అక్క:

తరుణికి నొప్పులు రాఁగాఁ
గరమును బట్టుకొని తోడుగా నిలిచెఁ గదా
మరువక మాటను నిలిపిన
పురుషుఁడు, గర్భమ్ముఁ దాల్చి పుత్రులఁ గనియెన్

మైలాపూరు: విరుపు బాగుంది అక్కా. కానీ "తరుణికి" అన్నాక "కనియెన్"కు కర్త లేదు. చదివేవాళ్లు మళ్లీ పురుషుడి దగ్గరికే వెళ్తారు.

వేళచ్చేరి కుర్రాడు:

శరధిని గుఱ్ఱపుమోమునఁ
దిరిగెడు చిఱుచేపలోనఁ దెలియుఁడు వింతన్;
పొరతిత్తిని సతి గ్రుడ్లిడ
పురుషుఁడు గర్భమ్ముఁ దాల్చి పుత్రులఁ గనియెన్

సముద్రపు గుర్రం అండీ, తమిళంలో కడల్ కుదిరై. పొరతిత్తి అంటే మగదాని పొట్ట మీది సంచి. ఒక్క కాన్పులో వందల పిల్లలు, కొన్ని జాతుల్లో వెయ్యి దాటుతాయి. బహువచనానికి ఢోకా లేదు.

పెరంబూరు మాస్టారు: సంచిలో గుడ్లు మోస్తే గర్భమా నాయనా? అది జోలె.

వేళచ్చేరి కుర్రాడు: జోలె కాదు మాస్టారూ. గుడ్లు ఫలదీకరణం చెందేది ఆ సంచిలోనే. తర్వాత అవి లోపలి పొరలో కుదురుకుంటాయి. వాటికి ప్రాణవాయువు తండ్రి రక్తం నుంచే అందుతుంది. పిల్లలు బయటి సముద్రానికి అలవాటుపడేలా లోపలి నీటి ఉప్పదనం కూడా క్రమంగా మారుతుంది. నెలలు నిండాక (నిజానికి వారాలే) కండరాలు బిగించి బయటికి నెడతాడు. గుడ్డు ఆడదానిది, బీజం మగవాడిది, కాబట్టి "పురుషుడు" అన్న మాటకూ లోటు లేదు.

అంబత్తూరు అక్క: మా ఇంట్లో ఆయనకు చదివి వినిపించాను. టీ పెట్టడానికి లేచారు!

మైలాపూరు: ఈ వారం నా ఓటు దీనికే. రెండు సవరణలు. "ఇడన్" ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట), దాని తర్వాత "పురుషుఁడు" కాస్తా "బురుషుఁడు" అయిపోతుంది. "గ్రుడ్లిడు" అంటే చాలు. ఇక "తిరిగెడు" దగ్గర పేచీ. అది నిటారుగా, వీపు మీది చిన్న రెక్క ఆడిస్తూ మహా మెల్లగా ఈదుతుంది. ఎక్కువసేపు తోకతో సముద్రపు గడ్డిని చుట్టుకుని ఉంటుంది.

వేళచ్చేరి కుర్రాడు: పాపం, ప్రాస కోసం తిప్పాను.

పెరంబూరు మాస్టారు: సరే, ఒప్పుకున్నాను. మన వైపు దొరుకుతాయా?

వేళచ్చేరి కుర్రాడు: రామేశ్వరం దగ్గర పాక్ జలసంధిలో, మన్నార్ సింధుశాఖలో ఉన్నాయి. 2001లో వీటిని వన్యప్రాణి చట్టం రక్షణలోకి తెచ్చారు కాబట్టి పట్టడం, అమ్మడం నేరం. అయినా రొయ్యల వలల్లో చిక్కుతూనే ఉంటాయి.

మైలాపూరు: దీనికి జీర్ణాశయం ఉండదట, అందుకే రోజంతా తింటూనే ఉండాలి. వచ్చే వారం సమస్య అక్కడి నుంచే:

కడుపే లేనట్టి జీవి కడుపారఁ దినెన్